పడని ముద్ద, పెట్టవలసిన ముద్ద

మన భాషలో "పడదు" అను మాట చిన్నది. అది మోయు భారము పెద్దది. "మా పిల్లోనికి వంకాయ పడదు", "దానికి పాలు పడవు", "ఈ ఊరి నీళ్లు మాకు పడలేదు" అని ప్రొద్దుటూరు మొదలు పులివెందుల వరకు ప్రతి ఇంటను దినమునకొకసారియైనను వినబడుచుండును. ఈ ఒక్క మాట క్రింద మనము నాలుగు వేర్వేరు సంగతులను కలిపి చెప్పుచుందుము. తిన్నది అరుగక కడుపు ఉబ్బినను పడలేదందుము. వేడి చేసినదని తోచినను పడలేదందుము. బిడ్డకు రుచింపక ఉమ్మివేసినను పడలేదందుము. తిన్న కొలది నిమిషములలో ఒడలెల్ల దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడక బిడ్డ సొమ్మసిల్లినను అదే మాట అందుము. మొదటి మూడును కొంచెము బాధతో పోవునవి. నాలుగవది ప్రాణముతో చెలగాటము. దానినే వైద్యులు ఆహారపు అలర్జీ యందురు.

ఈ నాలుగింటిని వేరుచేసి చూడని ఇండ్లలో రెండు విధములైన కీడు కలుగుచున్నది. నిజముగా అపాయకరమైన వస్తువును "ఒక్క ముద్దకేమి అవుతుందిలే" అని పెట్టుట మొదటిది. ఏ హానియు చేయని పాలు, పప్పు, గ్రుడ్డు వంటి వానిని అనుమానము మీద మాన్పించి, ఎదిగెడు బిడ్డను అర్ధాకలితో ఉంచుట రెండవది. రెండును బిడ్డపై ప్రేమతో జరుగునవే. కావున నేటి ప్రసంగములో ముఖ్యముగ చెప్పదలచిన దిది: అలర్జీ గల బిడ్డకు పడని వస్తువుల పట్టిక ఎంత చిన్నదైన అంత మంచిది, ఆ చిన్న పట్టికను ఎంత కఠినముగా పాటించిన అంత మంచిది. మిగిలిన వస్తువులన్నియు ఆ బిడ్డకు ధారాళముగా పెట్టవలెను.

అలర్జీ అను పదమును 1906లో వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రవేశపెట్టెను. అంతకు నాలుగేండ్లకు ముందు, 1902లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పోర్టియే, రిషే ఒక వింతను గమనించిరి. సముద్రజీవి యొక్క విషమును మొదట కొంచెము తీసికొని తట్టుకొనిన కుక్కలు, కొన్ని వారముల పిమ్మట మరల అత్యల్పమైన మోతాదు ఇచ్చినంతనే కుప్పకూలినవి. దానికి వారు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టిరి. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. ఇట్టి ప్రకోపమునకు రక్తములో కారణమైన పదార్థమును 1960 దశకపు చివరి భాగములో జపాను దేశీయులైన ఇషిజాకా దంపతులును, స్వీడను దేశపు శాస్త్రజ్ఞులును కనుగొనిరి. 1968లో దానికి ఐజీఈ అను పేరు స్థిరపడినది.

ఇది పనిచేయు తీరు మన ఊరి తలారిని తలచుకొనిన సులభముగా బోధపడును. తలారి పని దొంగను చూచి కేక వేయుట. ఒకనాడు అతడు చుట్టమును చూచి దొంగ యని భ్రమించి గుర్తు పెట్టుకొనెననుకొందము. ఆ చుట్టము మరల ఊరి పొలిమేరలో కాలు పెట్టినంతనే తలారి కేక వేయును. ఊరెల్ల కట్టెలతో లేచును. చెనక్కాయ గింజలోని మాంసకృత్తు చుట్టము, ఐజీఈ తలారి. ఊరు లేచినప్పుడు జరుగు నష్టము తలారి కేకను బట్టి యుండును గాని, వచ్చిన చుట్టము ఎంతటివాడను దానిని బట్టి మాత్రమే యుండదు. అందుచేతనే అలర్జీ గల బిడ్డ విషయములో "కొంచెమే పెట్టినాను" అను మాటకు విలువ లేదు. ఇదియే అజీర్ణమునకును అలర్జీకిని గల ముఖ్యమైన భేదము. పాలలోని చక్కెర అరుగని బిడ్డకు పావు గ్లాసు పాలు హాని చేయకపోవచ్చును. పెరుగు చక్కగా ఇమడవచ్చును. పాల మాంసకృత్తుతో అలర్జీ గల బిడ్డకు గరిటెకు అంటిన మజ్జిగయు చాలును.

అలర్జీ తెచ్చు వస్తువులలో ముఖ్యమైనవి ఇవి: పాలు, గ్రుడ్డు, వేరుశనగ, జీడిపప్పు బాదము వంటివి, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు, నువ్వులు. చైనా, రష్యా, భారతదేశముల బాలలను పోల్చి 2020లో ప్రకటించిన పరిశోధనలో ఆహారపు అలర్జీ మన దేశపు బాలలలోనే అత్యల్పముగా కనబడినది. ఇది సంతోషింపదగిన సంగతియే. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. అరుదుగా వచ్చు దానిని ఇరుగుపొరుగువారు ఎరుగరు. నూరిండ్లలో ఒక ఇంట అట్టి బిడ్డ ఉండిన, తక్కిన తొంబదితొమ్మిది ఇండ్లవారు ఆ తల్లిని మిక్కిలి చాదస్తురాలని తలతురు.

మన సీమలో మరియొక చిక్కు పేర్లతోనే మొదలగును. జమ్మలమడుగు నల్లరేగడి నేలలలో పండు శనగ వేరు. మనము చెనక్కాయ యనియు, శనక్కాయ యనియు పిలుచు వేరుశనగ వేరు. కాని మాటలో రెండును కలిసిపోయినవి. శనగపిండి శనగల నుండి వచ్చినది. శనగనూనె మాత్రము వేరుశనగ నుండి వచ్చినది. పప్పులనిన ఒక ఇంట పుట్నాలు. మరియొక ఇంట వేయించిన చెనక్కాయ గింజలు. వైద్యుడు "శనగ మానండి" అని చెప్పినచో తల్లి బజ్జీలు మాన్పించి, చెనక్కాయ ఉంటలు చేతికీయవచ్చును. అందుచేత వైద్యుని గదిలోనే "ఏ శనగ?" అని అడిగి, ఆ గింజను చూపి, పేరు స్పష్టముగా వ్రాయించుకొనవలెను. పొరుగువారికి చెప్పునపుడును ఇంట వాడు మాటతోనే చెప్పవలెను. ఈ రెండును కాయధాన్యపు కుటుంబములోనివే యైనను, వేరుశనగ పడని పిల్లలలో పెక్కుమంది కందిబేడలు, పెసరబేడలు, శనగలు నిశ్చింతగా తినగలరు. కొందరికి శనగయే పడకపోవచ్చును. ఏది పడదో పరీక్షించి తెలిసికొనవలెనే గాని, పేరు కలిసినదని అన్నిటిని మాన్పింపరాదు.

ఇక మన వంటయింటిలోనికి వత్తము. వేరుశనగ పడని బిడ్డను పెంచుట ఎచ్చటనైనను శ్రమయే. చెనక్కాయ పండు సీమలో అది మరింత శ్రమ. సంగటిలోనికి ఊరుబిండి, దోశెలోనికి చట్నీ, గుత్తివంకాయలోనికి పొడి, చిత్రాన్నములోనికి పోపు, సాయంకాలమునకు మసాలా బొరుగులు, పండుగకు బెల్లపు పాకముతో ఉంటలు: ఇన్నింటిలో ఆ గింజయే. కంటికి కనబడు గింజను తల్లి ఏరివేయగలదు. కనబడని దానితోనే కష్టము. చెనక్కాయలు వేయించిన బాణలిలోనే బొరుగులు వేగుచుండును. చట్నీ రుబ్బిన మిక్సీలోనే బిడ్డకు పప్పు మెదుపుదురు. హోటలులో ఒకే పెనముపై కారపు దోశెయు, సాదా దోశెయు పోయుదురు; ఒకే గరిటె రెండు గిన్నెలలో మునుగును. కావున ఇంటియందు ఆ బిడ్డ కొరకు ఒక చిన్న గిన్నె, ఒక గరిటె, ఒక పొడిడబ్బా వేరుగా ఉంచుట విలాసము కాదు, అవసరము. వాని వంట ముందుగా చేసి మూతపెట్టి, పిమ్మట తక్కిన వంట మొదలుపెట్టినచో సగము భయము తీరును.

నూనె విషయము ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. అలర్జీ పుట్టించునది గింజలోని మాంసకృత్తు, క్రొవ్వు కాదు. మిల్లులో బాగుగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు. గానుగ నూనెలో అది కొంత మిగిలియుండును. 1997లో ఇంగ్లండులో వేరుశనగ అలర్జీ గల 60 మందికి వైద్యుల సమక్షమున రెండు విధముల నూనెలును ఇచ్చి చూచిరి. శుద్ధి చేసిన నూనెతో ఎవరికిని ఏమియు కాలేదు. శుద్ధి చేయని నూనెతో 6 మందికి అలర్జీ కలిగినది. ఇటీవల గానుగ నూనెపై మక్కువ మరల పెరిగినది. తక్కిన ఇంటివారికి అది ఎంత రుచికరమైనను, ఈ బిడ్డకు తగదు. ఏ మిల్లులో ఏ నూనె ఎంతవరకు శుద్ధియైనదో మనము ఎరుగము గనుక, ఇట్టి బిడ్డ ఉన్న ఇంట పొద్దుతిరుగుడు నూనె వాడుట సులభమైన మార్గము.

చెనక్కాయ మానినంత మాత్రమున బిడ్డ బలహీనుడగునను భయము వలదు. అందులోని మాంసకృత్తులు కందిబేడలు, పెసరబేడలు, అలసందలు, గ్రుడ్డు, పాలు, మాంసములలో పుష్కలముగా లభించును. ఊరుబిండిని కందిబేడలు వేయించి రుబ్బినను రుచిగనే యుండును. వంకాయ కూరకు కొబ్బరి పొడి సరిపోవును. ఇంటిల్లిపాదియు ఆ పూట అదే తినినచో, నాకొక్కనికే వేరు కూడు అను చింత బిడ్డకు కలుగదు.

పాలు పడని పసివాని సంగతి ఇంతకన్న సున్నితమైనది. ఆవుపాలు పడలేదనగానే మన పల్లెలలో "బర్రెపాలు పట్టండి", "మేకపాలు చలువ" అని సలహా వచ్చును. ఇది మంచి మనసుతో ఇచ్చు చెడ్డ సలహా. ఈ మూడు పాలలోని మాంసకృత్తులు ఒకదానితో నొకటి ఎంతగా పోలియుండుననగా, ఆవుపాల అలర్జీ గల బిడ్డలలో చాలమందికి తక్కిన రెండును పడవు. ఇట్టి పసివానికి తల్లిపాలే మొదటి ఆధారము. తల్లి తన భోజనములో పాలు మానవలెనా అను సంగతి వైద్యుడు నిర్ణయింపవలెను, ఊరక మానరాదు. తల్లిపాలు చాలనప్పుడు డబ్బాపాలలో ఏది తగునో కూడ వైద్యుడే చెప్పవలెను.

పాలు మానిన పెద్దబిడ్డకు ఎముకలు గట్టిపడుటకు సున్నపు ధాతువు, అనగా కాల్షియము, ఎచ్చట దొరకును? ఇచ్చట మన సీమ అదృష్టము చెప్పుకొనదగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క ప్రకారము నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది. అంతే తూకము ఆవుపాలలో ఉండునది సుమారు 120 మిల్లీగ్రాములే. రాగులలోని కాల్షియమంతయు ఒంటికి పట్టదు. కాని రాగులను నానబెట్టి మొలకెత్తించినను, అంబలిగ పులియబెట్టినను మరికొంత చక్కగా పట్టును. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, సాధ్యమైనచో చిన్నచేపలు: ఇవి బిడ్డకు పాలు లేని లోటును చాలవరకు తీర్చును. అయినను బరువును, పొడవును మూడునెలలకొకసారి తూచి, కొలిపించి చూడవలెను. ముద్ద చాలుచున్నదో లేదో తెలుపుటకు తూనిక కన్న నిజాయితీ గల సాక్షి లేదు.

గ్రుడ్డు పడని పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేయింపరాదని కొందరు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. గ్రుడ్డు అలర్జీ గల పిల్లలకును ఆ టీకా సురక్షితమని తేలినది. అలర్జీ సంగతి టీకా వేయువారికి చెప్పి, నిశ్చింతగా వేయింపవలెను.

పట్టికను చిన్నదిగా ఉంచుట ఎట్లు? అనుమానము కలిగిన నాడే ఒక నోటుపుస్తకము తెరవవలెను. బిడ్డ ఏమి తినెను, ఎంత తినెను, ఎంతసేపటికి ఏమి కనబడెను, ఎంతసేపుండెను అని వ్రాసికొనవలెను. అలర్జీ సాధారణముగా కొలది నిమిషముల నుండి రెండు గంటలలోపల బయటపడును. ఆ వస్తువు తినిన ప్రతిసారియు పడును. మొన్న తినిన దానికి నేడు దగ్గు వచ్చినదనుట తరచుగా ఊహయే. ఈ పుస్తకమును చూచి వైద్యుడు చర్మముపై గుచ్చి చేయు పరీక్షనో, రక్తపరీక్షనో అవసరమైన ఒకటి రెండు వస్తువులకు మాత్రమే చేయించును.

ఇచ్చట తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన సూక్ష్మ మొకటి కలదు. పరీక్షలో గుర్తు కనబడుట వేరు. నిజముగా అలర్జీ ఉండుట వేరు. మన పొరుగున కర్ణాటకములో పెద్దవారిపై జరిపి 2016లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఉన్నది. రక్తములో ఏదో ఒక ఆహారమునకు గుర్తు కనబడినవారు నూటికి 26.5 మంది, నిజమైన అలర్జీ యని భావింపదగినవారు నూటికి 1.2 మంది మాత్రమే. అనగా కాగితము మీద తేలిన అనుమానములలో అత్యధిక భాగము పళ్లెములో నిలువలేదు. తలారి ముఖము చిట్లించిన ప్రతివేళ కేక వేయడు గదా! కాబట్టి తొంబది వస్తువుల పేర్లు వరుసగా ముద్రించిన పరీక్షాపత్రమును చూచి తొంబదియు మాన్పించుట బిడ్డకు అన్యాయము. ఐజీజీ అను వేరొక పదార్థమును కొలిచి ఆహారములను మానుమని చెప్పు పరీక్షలును కలవు. అవి అలర్జీని నిర్ణయించుటకు పనికిరావు. అనుమానము మిగిలినచో ఆసుపత్రిలో, మందులు సిద్ధముగా ఉంచుకొని, ఆ వస్తువును అణువంతతో మొదలుపెట్టి క్రమముగా తినిపించి చూచుటయే కడపటి తీర్పు. ఇట్టి పరీక్షను ఇంటియందు ఎన్నడును చేయరాదు.

పట్టికలో చేరిన వస్తువు ఎల్లకాలము అందే ఉండవలెనను నియమము లేదు. పాలు, గ్రుడ్డు పడని పిల్లలలో ఎక్కువమంది పెరిగినకొలది వానిని తట్టుకొందురు. వేరుశనగ పడనివారిలో అయిదుగురికొక్కరు మాత్రమే అట్లు బయటపడుదురు. కావున ఏడాదికొకసారి వైద్యునితో పట్టికను తిరిగి పరిశీలింపజేయవలెను. పోదగిన పేరును కొట్టివేయించుకొనుటయు వైద్యమే.

ఇక ఏ అలర్జీయు లేని పసిపిల్లలకు కొత్త ఆహారము ఎప్పుడు మొదలుపెట్టవలెనను ప్రశ్న వచ్చును. ఈ విషయములో వైద్యశాస్త్రమే తన మాట మార్చుకొనినది. అలర్జీ వచ్చు అవకాశము గల పిల్లలకు మూడేండ్లవరకు వేరుశనగ పెట్టవలదని 2000లో అమెరికా శిశువైద్యులు సలహా ఇచ్చిరి. 2008లో దానిని విడనాడిరి. 2015లో లండను నగరమున గిడియన్ లాక్ బృందమువారు ప్రకటించిన పరిశోధన ఆ పాత అభిప్రాయమును తలక్రిందులు చేసినది. తీవ్రమైన గజ్జి వంటి చర్మవ్యాధియో, గ్రుడ్డు అలర్జీయో గల 640 మంది శిశువులను 4 నుండి 11 నెలల వయస్సులో తీసికొనిరి. కొందరికి వేరుశనగను క్రమము తప్పక పెట్టిరి. తక్కినవారికి పూర్తిగా మాన్పించిరి. మొదట చర్మపరీక్షలో గుర్తు కనబడనివారిని అయిదేండ్ల వయస్సున చూడగా, మానినవారిలో నూటికి 13.7 మందికి, తినినవారిలో నూటికి 1.9 మందికి మాత్రమే అలర్జీ తేలినది. దాచిపెట్టుట వలన రక్షణ కలుగలేదు. వేళకు పరిచయము చేయుట వలన కలిగినది.

కావున ఆరు నెలలు నిండి, తల్లిపాలకు తోడు ముద్ద మొదలుపెట్టునప్పుడు, జావ, పప్పు, గ్రుడ్డు, చెనక్కాయ అన్నియు ఒక్కొక్కటిగా, మూడునాలుగు దినముల ఎడముతో, పగటిపూట, కొంచెముగా పరిచయము చేయవలెను. గింజను గింజగా ఎన్నడును ఈయరాదు. అది గొంతునకు అడ్డుపడును. మెత్తని పొడి చేసి జావలో కలుపవలెను. బిడ్డకు తీవ్రమైన చర్మవ్యాధి ఉన్నను, ఇంతకుముందే ఏదైన పడకపోయినను, వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలుపెట్టవలెను.

ఎంత జాగ్రత్త పడినను పొరపాటు జరుగవచ్చును. అప్పుడేమి చేయవలెనో ఇంటిలోని ప్రతివారికిని ముందే తెలిసియుండవలెను. నోటిచుట్టు నాలుగు దద్దుర్లు మాత్రమే లేచి, బిడ్డ ఆడుకొనుచున్నచో వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చిన మాత్రయో, ద్రావకమో ఇచ్చి కనిపెట్టుచుండవచ్చును. కాని గొంతు బొంగురుపోవుట, ఊపిరి పిల్లికూతలుగ వినబడుట, నాలుక వాచుట, దద్దుర్లతో పాటు పదేపదే వాంతియగుట, బిడ్డ తెల్లబోయి సొమ్మసిల్లుట: వీనిలో ఏది కనబడినను ఒక్క నిమిషము జాగు చేయరాదు. దీనికి మందు అడ్రినలిన్ సూది. తొడ కండరములో వేయవలెను. మోతాదు బిడ్డ బరువును బట్టి కిలోగ్రామునకు 0.01 మిల్లీగ్రాము. దద్దుర్లకిచ్చు మాత్రలు ఈ సూదికి బదులు కావు. విదేశములలో తల్లిదండ్రులు వెంట ఉంచుకొను కలము వంటి సూదులు మన మందుల అంగళ్లలో దొరకునని నమ్ముకొని యుండరాదు. మీకు దగ్గరి ఆరోగ్య కేంద్రములో ఈ మందు ఎల్లప్పుడు ఉండునా, రాత్రివేళ ఎవరుందురు అని అలర్జీ తెలిసిన నాడే పోయి అడిగి రావలెను. పులివెందుల నుండి కడపకు సుమారు 70 కిలోమీటర్లు; అంతదూరము వేచియుండగల వ్యాధి కాదిది. మొదటి సూది దగ్గరి చోటనే పడవలెను. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 వాహనమును పిలుచునప్పుడు "అలర్జీతో ఊపిరి ఆడడము లేదు" అని మొదటి మాటగనే చెప్పవలెను.

వాహనము వచ్చులోపల బిడ్డను పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచవలెను. ఊపిరి ఆడనిచో కూర్చుండబెట్టవలెను. వాంతి చేయుచున్నచో ప్రక్కకు త్రిప్పవలెను. లేపి నడిపింపరాదు. నోటిలో ఏమియు పోయరాదు. అన్నము తినిన బిడ్డ వాంతి చేసికొని వాడిపోగా, దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు తిప్పుట మన ఇండ్లలో వాడుక. ఎవరి నమ్మకము వారిది; కాని ముందు సూది పడవలెను. తిప్పుట ఎప్పుడైనను తిప్పవచ్చును, పోయిన నిమిషములు తిరిగి రావు. సూది తరువాత బిడ్డ కోలుకొనినను కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచవలెను. ప్రకోపము రెండవసారి తిరుగబడవచ్చును.

ఇంటి గడప దాటినపుడు తల్లికి అసలైన పరీక్ష ఎదురగును. మన సీమలో పెట్టుట ప్రేమకు గుర్తు; వద్దనుట అవమానము. జేజి కొంగున దాచి తెచ్చిన చెనక్కాయ ఉంటను ఎట్లు కాదనుట? "ఒగటి తింటే ఏమైతాదే, మేమంతా తిని పెరగలేదా?" అని ఆమె అనును. ఆమెతో వాదింపరాదు. ఆమెనే కావలిగ నియమింపవలెను. "జేజీ, నాకన్నా నువ్వే బాగా చూసుకుంటావు. ఎవరు పెట్టినా నిన్ను అడక్కుండా వీడు నోట్లో పెట్టుకోగూడదు" అని ఆ అధికారము ఆమెకే అప్పగించినచో, ఆ ఇంట ఆమెను మించిన కాపలా ఉండదు. గుడిలో ప్రసాదము, దర్గాలో తబర్రుకు, క్రిస్మసునాటి కేకు: వేనిని కాదనలేము. బిడ్డచేత కన్నులకద్దించి తల్లి తినవచ్చును. తల్లి తినిన ప్రసాదము బిడ్డకు చెందదని ఏ దైవమును అనడు. పెండ్లికి పోవునపుడు బిడ్డ ముద్ద డబ్బాలో వెంట రావలెను.

ఒకే పళ్లెములో కలిపి, చుట్టు కూర్చున్న నలుగురు పిల్లలకును ఒకే చేతితో ముద్దలు పెట్టుట మన ఇండ్లలోని ముచ్చట. అట్టి బిడ్డ ఉన్నచో వాని ముద్దలు వేరు పళ్లెములో ముందుగా పెట్టి, పిమ్మట తక్కినవారికి పెట్టవలెను. చెనక్కాయ తాకిన చేతిని వట్టి నీటితో కడిగిన చాలదు, సబ్బుతో కడుగవలెను. చేతికి రాసికొను క్రిమిసంహారక ద్రవము ఆ మాంసకృత్తును పోగొట్టదు.

బడి సంగతి మరువరాదు. మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనమున గ్రుడ్డుతో పాటు 2020లో చెనక్కాయ చిక్కీ చేర్చిరి. 2023లో రాగిజావ చేర్చిరి. పెక్కుమంది పేద పిల్లలకు ఇవి బలము. పడని బిడ్డకు మాత్రము ఉపాధ్యాయుడు, వంటమనిషి ఇరువురును పేరు పెట్టి ఎరిగియుండవలెను. వైద్యుడు వ్రాసిన చీటీ ఒకటి బడిలో ఉంచి, పేరు, పడని వస్తువు, లక్షణములు, చేయవలసినది, తల్లిదండ్రుల ఫోను సంఖ్య తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి గోడకు అంటింపవలెను. చిక్కీ పెట్టు దినమున ఆ బిడ్డ కొరకు ఒక అరటిపండో, చీనీపండో పంపినచో వాడు చేతులు కట్టుకొని కూర్చుండడు. పులివెందుల తోటలలో వానికి కొదువ లేదు గదా.

అంగడి పొట్లములపై 2020 నాటి జాతీయ నిబంధనల ప్రకారము గోధుమ వంటి ధాన్యములు, రొయ్య జాతి, పాలు, గ్రుడ్డు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉన్నచో ప్రత్యేకముగ తెలుపవలెను. నువ్వులు ఆ పట్టికలో లేవు. నువ్వులు పడని బిడ్డ కొరకు పదార్థముల వరుసనంతయు చదువవలసినదే. విడిగా అమ్ము మిఠాయిలపై ఏ అక్షరమును ఉండదు. చదువుటకు లేని దానిని ఈ బిడ్డకు కొనకుండుటయే క్షేమము.

ఇన్ని చెప్పిన పిమ్మట తల్లికి ఇది మోయలేని బరువుగ తోచవచ్చును. కాని సరిగా చూచినచో పట్టికలో ఉన్నవి ఒకటి రెండు పేర్లే. వాని వెలుపల సంగటి ఉన్నది, కొర్రన్నమున్నది, జొన్నరొట్టె ఉన్నది, పప్పులున్నవి, ఆకుకూరలున్నవి, తోటల పండ్లున్నవి. బిడ్డకు అయిదారేండ్లు వచ్చినంతనే "ఇది నాకు పడదు, మా అమ్మను అడిగి తింటాను" అని తానే చెప్పుట నేర్పవలెను. దానిని సిగ్గుపడుచు గాక, తన పేరు చెప్పినంత తేలికగా చెప్పుట నేర్పవలెను. ఇకమీదట "పడదు" అను మాట నోట వచ్చినపుడెల్ల, ఏది పడదు, ఎట్లు పడదు, ఎవరు తేల్చిరి అని ఒక్కసారి అడిగికొందము. జవాబు దొరికిన వస్తువును గడప దాటనీయకుందము. దొరకని వస్తువును వైద్యునికి చూపి తేల్చుకొందము. మిగిలినదంతయు ఆ బిడ్డ కడుపునిండ పెట్టుదము.